పదమూడు నీలం టోపీలు

పది గంటల ఐదు నిమిషాలకు డిటెక్టివ్ పోలీసు స్టేషన్ మెట్లెక్కింది. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో పిట్ట గొంతులోంచి ఊపిరి గొట్టం తీస్తారు. అప్పటికి తల్లి ఆ మంచం పక్కన ఉండాలి. ఆమె ఒప్పుకున్న పని అంతే. అంతకన్నా కష్టమైన పని ఈ మధ్య ఆమె చేతికి రాలేదు.

తండ్రి లేని తొమ్మిదేళ్ల ఆ పిల్లను ఇంటాబయటా పిట్ట అనే పిలుస్తారు. తల్లి చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి తగిలినా ఒంటిమీద నిప్పు పడ్డట్టు అరుస్తుంది. నిన్న మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి, ఆటల పీరియడ్‌లో కుప్పకూలింది. గుండె లయ తప్పింది. "స్పృహ రాగానే బెదిరిందంటే ఆ గుండె ఇంకోసారి తట్టుకోదు. వాళ్లమ్మను ఎలాగైనా తీసుకురండి" అని ఆసుపత్రి డాక్టరు పొద్దున్నే డిటెక్టివ్‌ను పిలిచి చెప్పాడు. ఆ అమ్మేమో లాకప్‌లో ఉంది, కన్నబిడ్డకు మందు ఎక్కువ మింగించిందన్న నేరం మీద.

డిటెక్టివ్ ఈ వృత్తిలోకి రాకముందు ఇరవై రెండేళ్లు ఒక పెద్ద ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నిలబడింది. చేతిలో పడ్డ మాత్రను చూడకుండానే అది ఏ మందో చెప్పగలదు. పోలీసులు ఆమెను వెనకాల కాంపౌండరమ్మ అంటారు. ఇక్కడి ఇన్‌స్పెక్టరు మాత్రం మొహం మీదే అంటాడు.

"రండి కాంపౌండరమ్మగారూ. ఈసారి దగ్గు మందా, జ్వరం బిళ్లలా?"

"ఈసారి మీ తలనొప్పికే తెచ్చానండి" అంటూ ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

అతను కేసును లెక్క అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. పిట్టకు ఆరో ఏట, ఊళ్లో సొంత క్లినిక్కున్న పెద్ద డాక్టరు ధ్యాస నిలవని అటెన్షన్ జబ్బని తేల్చి మందు పెట్టాడు. ఉదయం ఇంట్లో ఒక మాత్ర, మధ్యాహ్నం బడిలో ఒకటి. పంతొమ్మిది రోజుల కిందట తల్లి పిల్లను వేరే డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ ఇది ఆటిజం అని పేరు మార్చి, ఆ మందు ఆపించింది. బడిలో ఆ రోజునుంచే ఆపేశారు, రిజిస్టరులో కొట్టివేతలున్నాయి. అయినా నిన్న పిల్ల రక్తంలో అదే మందు, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. తల్లి చేతిసంచిలో పాత మాత్రల స్ట్రిప్పు దొరికింది. అందులో నాలుగు మాత్రలు లేవు. ఎక్కడికి పోయాయంటే చెప్పదు. "ఈ పిల్లతో నేను వేగలేను" అని ఆమె ఏడవడం పక్కింటివాళ్లు రెండుసార్లు విన్నారు.

"నిప్పు లేనిదే పొగ రాదు కదండీ. మూడింటికి మేజిస్ట్రేటు దగ్గర హాజరుపరుస్తున్నాను" అన్నాడు.

బల్లమీద ప్లాస్టిక్ కవర్లలో సామాను పరిచి ఉంది. గెలిచినవాడు పతకాలు చూపించినట్టు ఒక్కొక్కటీ చూపించాడు. తల్లి స్ట్రిప్పులో గుండ్రటి తెల్ల మాత్రలు. పిట్ట బడిసంచిలోంచి తీసినవి పుస్తకాలు, నీళ్ల సీసా, పెన్సిల్ డబ్బా. డబ్బాలో పెన్సిలు లేదు. నీలం రంగు గొట్టపు పూసల్లాంటివి ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వైపు తిరిగి. వాటిలో రెండింటికి మాత్రం రెండేసి చారలు, మిగతావాటికి ఒక్కొక్కటి. పిల్లలు ఏరుకునే చెత్త అనుకుని ఆమె కళ్లు దాటించేసింది. ఆ పొరపాటుకు తర్వాత తనను తాను చాలాసేపు తిట్టుకుంది.

"పెద్ద డాక్టరు ఏమంటున్నాడు?"

"ఆయనేమంటాడు, బాధపడుతున్నాడు. ఆయన చేతిమందు పడ్డాక పిల్లలు కుదురుగా కూర్చుని చివరి లెక్కదాకా చేస్తారు. రాత్రి పిలవకుండానే వచ్చి తింటారు. అట్లాంటి మనిషి రాసిన పేరును నిన్నగాక మొన్న వచ్చినావిడ చెరిపేస్తే ఏ తల్లికైనా మతి పోదా?"

రాత్రి పిలవకుండానే వచ్చి తింటారు. కేసు కాగితాల్లో ఎక్కడా లేని ఆ మాట ఒక పోలీసు నోట్లోకి ఎలా వచ్చిందా అని ఆమెకు అనిపించింది. కానీ టైము పది ఇరవై అయింది. లేచి లాకప్ వైపు నడిచింది.

తల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. గోళ్ల సందుల్లో ఇంకా తెల్లటి పొడి ఉంది. డిటెక్టివ్ అడగకముందే పిట్ట ఎలా ఉందని అడిగింది. అలాగే ఉందని చెప్పాక గాని కూర్చోలేదు.

ఆరేళ్లలో పిట్టకు నాలుగు పేర్లు పెట్టారని చెప్పింది. మూడో ఏట మాటలు ఆలస్యమన్నారు. అయిదో ఏట పెంపకం లోపమన్నారు, ఆ మాట తన అత్తే ముందు అంది. ఆరో ఏట అటెన్షన్ జబ్బన్నారు. ఆ పేరు విని నిజానికి సంతోషించింది, ఎందుకంటే దానికి మాత్ర ఉంది. కొత్త డాక్టరమ్మ మూడు పూటలు కూర్చోబెట్టి చూసింది. ఈ పిల్లకు ధ్యాస లేకపోవడం కాదు, ధ్యాసంతా ఒకేచోట ఉంటోంది, ఇది ఆటిజం అంది. రెండూ కలిసి ఉన్న పిల్లలూ ఉంటారు గాని ఈమెకు మాత్రం ఆ మందుతో తిండి పోతోంది, గుండె పరిగెడుతోంది, వెంటనే ఆపమంది. ఆ ఉత్తరాన్ని తల్లి అదే రోజు బడికి తీసుకెళ్లి అక్కడి నర్సు చేతికిచ్చింది.

"మరి స్ట్రిప్పులో నాలుగు మాత్రలు?"

తల్లి గోళ్ల సందుల్లోని పొడి గీరుకుంది.

"నేనే మింగానక్కా."

"నువ్వా? ఎందుకమ్మా?"

"మూడేళ్లు దాని నోట్లో నేనే వేశాను కదా. వద్దని నా జుట్టు పీకేది. ముక్కు మూసి మరీ మింగించాను. అది ఎలా ఉంటుందో చెప్పలేదు కదక్కా. అందుకని నాలుగు రోజులు నేను వేసుకుని చూశాను. గుండె దడదడలాడింది, అన్నం చూస్తే డోకొచ్చింది. ఇది పోలీసులకు చెబితే పిచ్చిదనుకుని పిల్లను నా దగ్గర ఉండనివ్వరని చెప్పలేదు."

డిటెక్టివ్ ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగింది. ఈమెకూ ఇంకొకరి స్పర్శ కిట్టదని, కూతురికి అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసిపోతోందని, అప్పుడు గమనించింది. చేతిరుమాలు తీసి ఇద్దరి మధ్యా బల్లమీద పెట్టింది.

బడికి చేరేసరికి పన్నెండూ ఐదు. ఆవరణలో సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. పరుగుపందేలకు పిల్లల్ని ఏరుతున్నారు. మందుల గది మెట్ల కింద ఉంది. ఒక మంచం, ఒక చేతులు కడుక్కునే సింకు, తాళం వేసే అలమర. అక్కడి నర్సును పిల్లలు తీపి సిస్టర్ అంటారు. మందు తర్వాత చెంచాడు జామ్ పెడుతుందట. యాభై దాటిన మనిషి. నిన్నటినుంచి నిద్ర లేదని మొహమే చెబుతోంది.

ఆమె పని పద్ధతి చూస్తే ముచ్చటేసేలా ఉంది. ఫ్రిజ్‌లో ఐసు గడ్డలు కట్టే ట్రే ఒకటి, పద్నాలుగు గళ్లది. గడికొక నంబరు చీటీ. మధ్యాహ్నం మందు వేసుకునే పిల్లలు పద్నాలుగు మంది. ప్రతి ఉదయం తొమ్మిదింటికి ఎవరి గడిలో వాళ్ల మందు వేసి అలమరలో పెడుతుంది. పన్నెండూ నలభైకి అన్నం బెల్లు కొట్టగానే వరసలో ఇస్తుంది. ఇవాళ ట్రే కడిగి బోర్లించి ఉంది. తొమ్మిదో గడి మీద చీటీ పీకేసిన జిగురు ఇంకా ఆరలేదు.

"తొమ్మిది పిట్టదా?"

"అవునమ్మా. ఆపేశాం కదా, అందుకే తీసేశాను."

"పంతొమ్మిది రోజుల కిందట ఆపిన మందు చీటీ ఇవాళ పీకారా?"

సిస్టర్ రిజిస్టరు తెచ్చి ముందు పెట్టింది. పిల్లకొక వరస, రోజుకొక గడి. ఇచ్చినరోజు టిక్కు పెట్టి పొట్టి సంతకం. పిట్ట వరసలో పదమూడు గళ్లు, అంటే సెలవులు పోను పదమూడు బడి రోజులు, ఒక్కొక్క అడ్డగీతతో కొట్టేసి ఉన్నాయి. డిటెక్టివ్ రిజిస్టరును కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. దానికి దారంతో ఒక పెన్ను కట్టి ఉంది, ఎవరూ ఎత్తుకుపోకుండా. మిగతా పిల్లల టిక్కులన్నీ పోయిన శుక్రవారం దాకా నీలం సిరా. సోమవారం నుంచి నలుపు.

"రిఫిల్ ఎప్పుడు మార్చారు సిస్టర్?"

"సోమవారం పొద్దున్నేనమ్మా."

"మరి పిట్ట గీతలు మొదటిరోజు నుంచీ నల్లగానే ఉన్నాయే."

సిస్టర్ మంచం అంచున కూర్చుంది. డిటెక్టివ్ ఆమెను ఇంకేమీ అడగలేదు. అడిగితే మూసుకునే మనుషులుంటారు, ఊరుకుంటే తెరుచుకుంటారు. ఆమె సింకు పక్కన సొరుగు లాగింది. రెండు స్టీలు చెంచాలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. పై చెంచా వీపు అరిగి మెరుస్తోంది. కింది చెంచా గుంటలో సన్నటి గీతలు, వాటిలో తెల్లటి పొడి. ఇరవై రెండేళ్ల అనుభవం ఆమె వేళ్లలోకి వచ్చింది. మామూలు మాత్ర రెండు నొక్కులకే పిండి అవుతుంది, స్టీలును గీరదు. ఇంత గీరాలంటే గట్టి పూత ఉన్న చిన్న చిన్న గుళ్లను పనిగట్టుకుని నూరి ఉండాలి.

అలాంటి గుళ్లు ఎక్కడుంటాయో ఆమెకు తెలుసు. రోజంతా కొద్దికొద్దిగా కరగాల్సిన క్యాప్సూల్లో ఉంటాయి. క్యాప్సూలుకు పైన టోపీ ఉంటుంది. నీలం టోపీ.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడు. హెడ్మాస్టరు ఫోను చేసినట్టున్నాడు, ఇన్‌స్పెక్టరు చంకలో ఫైలుతో వచ్చాడు. టైము పన్నెండూ ఇరవై.

"నా సాక్షిని మీరు బెదిరిస్తున్నారని విన్నాను. బయటికి నడవండి."

"నడుస్తాను. ముందు మీ ఫైల్లో మీరు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తీయండి. పెన్సిల్ డబ్బా దగ్గర ఏం రాశారో చదవండి."

"మీరు చెబితే చదవాలా?"

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని రేపు అందరూ నవ్వకూడదనుకుంటే చదవండి."

అతను మొహం ఎర్రబడుతుండగానే చదివాడు. "పెన్సిల్ డబ్బా. అందులో ప్లాస్టిక్ పూసలు, నీలం, పదమూడు."

"పదమూడు" అని ఆమె రిజిస్టరులో కొట్టేసిన గళ్ల మీద వేలు జరుపుతూ లెక్కపెట్టింది. "అవి పూసలు కావండీ. క్యాప్సూల్ టోపీలు. ఇంట్లో ఉన్నవి గుండ్రటి మాత్రలు, వాటికి టోపీలుండవు. ఆపేశామని రాసిన పదమూడు రోజులూ ఆ పిల్లకు ఇక్కడే, ఈ గదిలోనే మందు పడింది. అవునా సిస్టర్?"

తీపి సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. డాక్టరమ్మ ఉత్తరం తనకు అందిన మాట నిజమే. పెద్ద డాక్టరుకు చూపిస్తే తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒక్క క్యాప్సూలుతో రోజంతా పనిచేసే మందు మీద ఈ బడిలో పద్నాలుగు మంది పిల్లలతో ఆయన సరిగ్గా ఆ రోజే ఒక పరిశీలన మొదలుపెట్టాడు. ఒక పిల్ల పేరు తీసేస్తే, ఆ పేరు తాను తప్పు రాశానని కాగితం మీద ఒప్పుకోవాలి. నెలాఖరు దాకా ఇవ్వు, తల్లితో నేను మాట్లాడతానన్నాడు. ముప్పై ఏళ్ల అనుభవమున్న డాక్టరు చెబితే నర్సు కాదంటుందా. పిట్ట మింగలేదు కనుక క్యాప్సూలు విప్పి, లోపలి గుళ్లు నోటికి గరుగ్గా తగిలితే ఉమ్మేస్తుంది కనుక మెత్తగా నూరి, జామ్‌లో కలిపి పెట్టేది. నోరు తెరిచినందుకు బహుమతిగా టోపీ చేతిలో పెట్టేది. వాటికోసమే ఆ పిల్ల అలమర దగ్గర ముందుగా వచ్చి నిలబడేది.

"పాత మాత్రల్నీ అలాగే నూరి పెట్టేదాన్నమ్మా. దేన్నీ నూరొద్దని నాకు ఎవరూ చెప్పలేదు."

నూరితే రోజంతా పడాల్సినది గంటలో పడుతుందని డిటెక్టివ్ నెమ్మదిగా చెప్పింది. టోపీల్లో పదకొండింటికి ఒక చార, చివరి రెండింటికి రెండు చారలు. అంటే సోమవారం నుంచి వచ్చిన స్ట్రిప్పులు రెండింతల మోతాదువి. సిరా మారిన రోజే మందూ మారింది. రెండు రోజులు, రెండింతలు, అదీ నూరి. మంగళవారం ఆ పిల్ల ఎండలో పరిగెత్తింది.

నిన్న రెండింటికి పెద్ద డాక్టరు ఫోను చేసి, తల్లి ఇంట్లో ఎక్కువ వేసిందట, మన పేరు చెడకుండా రిజిస్టరు సరిచెయ్యి అన్నాడని సిస్టర్ చెప్పింది. తల్లే చేసిందని తాను నమ్మానంది. ఆ మాట చెబుతూ తన రెండు చేతుల వైపూ చూసుకుంది.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఇప్పుడైనా తల్లిని వదలమని అడగబోయింది. అతను ఆమెను చూడటం లేదు. బోర్లించిన ట్రేను చూస్తున్నాడు.

"మింగలేని పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"ఇంకొక్కడే ఉన్నాడు సార్."

"నాలుగో నంబరా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఆమె చాలామందిలో చూసింది. కానీ ఇది వేరు. చివరి లెక్కదాకా చేస్తారు, రాత్రి పిలవకుండానే వచ్చి తింటారు. పొద్దున అతను పొగిడింది పెద్ద డాక్టరును కాదు. తన ఇంటి విషయం చెప్పుకున్నాడు. స్టేషన్లో ఎవరికీ తెలియకూడదని దాచుకున్న విషయం.

"మీ బాబా?" అంది.

అతను తల ఊపాడు. సిస్టర్ లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. పరుగుపందేలున్నాయని ఇవాళ అందరికీ పావుతక్కువ పన్నెండుకే మందు ఇచ్చేశానని చెప్పింది. నాలుగో నంబరుకు ఎప్పటిలాగే నూరి పెట్టానని చెప్పింది. రెండు చారలదే.

ఆవరణలో విజిల్ మోగింది.

ఇన్‌స్పెక్టరు అంత బరువైన మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని ఆమె అనుకోలేదు. గీతల దగ్గర ఎనిమిదిమంది పిల్లలు వంగి ఉన్నారు. అతను వాళ్ల మధ్యలోకి దూరి ఒక బక్కపల్చటి పిల్లవాణ్ణి రెండు చేతులతో ఎత్తేశాడు. నాన్నను యూనిఫారంలో చూసి వాడు సిగ్గుపడ్డాడు, దించమని కాళ్లు కొట్టాడు. డిటెక్టివ్ వాడి మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నిమిషానికి నూట అరవై రెండు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పిడికిలిలో నీలం టోపీ.

వాణ్ణి నీడలో పడుకోబెట్టి, ఆడనివ్వకుండా, అంబులెన్సు వచ్చేదాకా పక్కన ఉండమని సిస్టరుకే చెప్పింది. ఈ పరిస్థితిలో ఆ మనిషికన్నా జాగ్రత్తగా చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు. మిగతా పన్నెండుమందినీ క్లాసుల్లో కూర్చోబెట్టించింది. వాళ్లు మింగిన క్యాప్సూళ్లు నూరనివి. అది కాస్త నయం.

ఇన్‌స్పెక్టరు కొడుకు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చునే స్టేషనుకు ఫోను చేశాడు. ఆమెను వదిలెయ్యండి, జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారిలో ఎక్కడా ఆగొద్దు అన్నాడు. పెట్టేశాక తల ఎత్తకుండా అన్నాడు. "మీకు నేను క్షమాపణ చెప్పుకోవాలండీ."

"నాక్కాదు. ఆమెకు చెప్పండి. నాలుగింటి తర్వాత."

టైము పన్నెండూ ముప్పై ఐదు. మూడు గంటల ఇరవై ఐదు నిమిషాల గడువు ఉంది. పొద్దుటినుంచి మొదటిసారి ఆమె ఊపిరి పూర్తిగా వదిలి, తల్లి వస్తోందని చెప్పడానికి ఆసుపత్రికి ఫోను చేసింది. ఎత్తిన నర్సుకు ఆ మాట అర్థం కాలేదు. పిట్ట ఇక్కడ లేదు కదా అంది. పిల్ల తేరుకుంటోందని పెద్ద డాక్టరు వచ్చి పదకొండున్నరకే గొట్టం తీయించాడు. కళ్లు తెరిచి అరుస్తుంటే తన క్లినిక్కుకు మారుస్తానని అంబులెన్సులో ఎక్కించుకున్నాడు. పన్నెండింటికి బయల్దేరారు. మా డాక్టరుగారు వద్దని గొడవపడ్డారు గాని, సంరక్షకుల అనుమతి కాగితం చూపించాక ఆపలేకపోయారు.

"తల్లి లాకప్‌లో ఉంటే సంరక్షకులెవరమ్మా? సంతకం ఎవరిది?"

నర్సు కాగితం వెతుకుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది. ఆ చప్పుడు ఇన్‌స్పెక్టరు దాకా కూడా వినిపించినట్టుంది. కొడుకు చెయ్యి వదలకుండానే తల ఎత్తాడు.

"అడక్కండి" అన్నాడు. "ఆ కాగితం పొద్దున తొమ్మిదింటికి ఆయనే పంపాడు. పిల్ల మంచికే అన్నాడు. తల్లి పోలీసు కస్టడీలో ఉంది కనుక నేను సంతకం పెట్టొచ్చన్నాడు, పెట్టాను."

పెద్ద డాక్టరు మాట చాలనుకుని, ఎందుకని అడక్కుండా ఆయన చెప్పినచోట కలం పెట్టిన మనిషి ఇవాళ్టికి రెండోవాడు. మొదటి మనిషి నీడలో కూర్చుని, నాలుగో నంబరు పిల్లవాడికి తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది.

డిటెక్టివ్ అప్పటికే గేటు వైపు నడుస్తోంది. పిల్ల ఆ క్లినిక్కులో ఉంటే, ఆ రక్తంలో ఏముందో, ఎలా వచ్చిందో రాసేది ఇక పెద్ద డాక్టరే. ఎక్కడో ఒక బండిలో, ముప్పై ఐదు నిమిషాలుగా, పిట్ట ఒంటిమీద తల్లివి కాని చేతులున్నాయి.